సరైన ఉక్కు

తల్లి పెట్టె తెరిచేసరికి అందులో కాసులపేరు లేదు. ఆమె పోయాక అన్నదమ్ములు వాటాలు వేసుకుంటున్న రోజది. పెద్దమనుషుల ఎదుటే పున్నయ్య తమ్ముడి భార్య వైపు తిరిగాడు.

"తాళంచెవి ఎప్పుడూ నీ కొంగునే ఉంటుంది కదమ్మా బసవమ్మా. ఇంకెవరు తీస్తారు?"

అత్త మంచాన పడ్డప్పటి నుంచీ ఆ తాళంచెవి బసవమ్మ దగ్గరే ఉంది. అది అందరికీ తెలిసిందే. అందుకే ఆమె మొగుడు యలమంద కూడా ఆమె వైపు చూడలేక తల దించుకున్నాడు. బసవమ్మ ఏడవలేదు, ఒట్లు పెట్టుకోలేదు. ఆ తాళం తీయడానికి చెవే అక్కర్లేదని, నమ్మకపోతే సోమయాజులు మేస్టారిని పిలిపించి చూడమని అంది.

సోమయాజులు ముసునూరు హైస్కూల్లో సైన్సు చెబుతాడు. చెవి లేకుండా తాళాలు తెరవడం ఆయనకు సరదా. ఊళ్ళో ఎవరి బీరువా తాళంచెవి పోయినా ఆయనకే కబురు వస్తుంది. పున్నయ్య పిల్లలకు సాయంత్రాలు ఆ ఇంట్లోనే ప్రైవేటు చెబుతాడు కూడా. సంగతి విని, తాను చేసుకున్న ఉక్కు పుల్లలు గుడ్డసంచిలో వేసుకుని వచ్చాడు.

పెట్టెకు మళ్ళీ తాళం వేశారు. చెవి పెద్దమనుషుల దగ్గర పెట్టారు.

పాత తాళం, లోపలి స్ప్రింగులు గట్టివి. సైకిలు స్పోకుతో చేసిన పుల్ల లోపలికి వెళ్ళింది గానీ, బరువు పడగానే వంగి, వంగినట్టే ఉండిపోయింది. రంపం బ్లేడు అరగదీసి చేసింది వంగలేదు, టప్పున విరిగింది. మేస్టారు తాళాన్ని బోర్లించి తట్టి ముక్క బయటికి రాల్చాడు. పున్నయ్య నవ్వి, ఇక చాలు లెమ్మన్నాడు.

మేస్టారికి పట్టుదల పెరిగింది. స్పోకు మరీ మెత్తన, బ్లేడు మరీ బిరుసు, వంగి మళ్ళీ తిన్నగా లేచే ఉక్కు కావాలని చెప్పి, కాస్త నిప్పు ఇప్పించమన్నాడు. బసవమ్మ వంటింట్లో కుంపటి రాజేసింది. అదే బ్లేడుతో చేసిన ఇంకో పుల్లను ఆయన గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, పట్టకారుతో నిప్పుల మీద పట్టుకున్నాడు. ఉక్కు ముందు ఎండుగడ్డి రంగుకు తిరిగింది, తర్వాత వంగపండు రంగుకు.

"తెరుచుకుంటుందంటారా మేస్టారూ?" బసవమ్మ మెల్లగా అడిగింది.

"నెమలికంఠం రంగు రానీ అమ్మా. అప్పుడు తీస్తే బిరుసు పోతుంది, బలం ఉంటుంది."

ఆ రంగు రాగానే పుల్లను పక్కకు తీసి చల్లారనిచ్చాడు. ఈసారి అది తాళంలో వంగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ వంగింది. తాళం ఊడి ఆయన ఒళ్ళో పడింది. వాకిట్లో మామిడి బుట్టల్లో గడ్డి పరుస్తున్న కూలీలు కూడా పని ఆపి గుమ్మంలోకి వచ్చి చూశారు.

పున్నయ్య తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ చుట్టుపక్కల దీన్ని చెవి లేకుండా తీయగలిగినవాళ్ళు ఎవరెవరున్నారండీ మేస్టారూ?"

గెలిచిన సంతోషంలో ఉన్న సోమయాజులు, తనకు తెలిసి తానొక్కడినేనని చెప్పాడు. చెప్పాక గానీ ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అర్థం కాలేదు.

రోజూ సాయంత్రం ఆయన కూర్చునేది పెట్టె ఉన్న ఈ గదిలోనే కదా అన్నాడు యలమంద. అంతసేపూ పెళ్ళాం వైపు చూడలేకపోయిన మనిషికి అప్పుడు గొంతు వచ్చింది. పెద్దమనుషుల్లో ఒకాయన గుడ్డసంచి లాక్కుని తన దగ్గర పెట్టుకున్నాడు. రేపు క్లాసులో పిల్లలు తనవైపు ఎలా చూస్తారన్నదే మేస్టారి కళ్ళ ముందు కదులుతోంది.

నూజివీడు వెళ్ళి పోలీసుల్ని తీసుకొస్తానని పున్నయ్య మోటారుసైకిలు బయటికి తీసి ఎక్కాడు. ఇక ఎవరూ బసవమ్మ వైపు చూడటం లేదు. ఆమె కుంపట్లో నీళ్ళు చల్లి, చేతులు కొంగుకు తుడుచుకుని, వాకిట్లోకి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"దిగండి బావగారూ. కాసులపేరు గొడ్లచావిట్లో తౌడు కుండ అడుగున ఉంది, దాచింది నేనే."