రెండో రౌటర్

పదకొండో భాగం పక్కన టిక్కు పడి ఉంది.

కొత్త పెళ్లికూతురు ఫోన్‌ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని మరీ చూసింది. హాల్లో చెప్పుల స్టాండ్ మీదున్న నల్లపెట్టె ఆమె స్వయంగా తయారుచేసుకున్న సర్వర్. సినిమాలూ సీరియళ్లూ అన్నీ అందులోనే, పాస్‌వర్డ్ ఉంటే ఏ ఊరినుంచైనా చూడొచ్చు. ఆ హత్య సీరియల్‌ని మొగుడూ పెళ్లాలు ఒకే దుప్పట్లో దూరి పది భాగాలు చూశారు. హంతకుడు ఎవరో చెరో చీటీ మీద రాసి ఖాళీ పంచదార డబ్బాలో దాచారు. ఒకరు లేకుండా ఒకరు చూడకూడదని నెత్తి మీద చెయ్యిపెట్టి ఒట్టు వేసుకున్నారు.

ఇప్పుడు మొగుడు శిక్షణకని వేరే ఊళ్లో ఉన్నాడు. చూసేసినట్టు టిక్కు అతని పేరు మీదే ఉంది. అదొక్కటే అయితే పోనీలే అనుకునేది. పన్నెండోది, ఆఖరిది, ఈ క్షణాన బయట ఎక్కడో నడుస్తోంది. ఇంకా ఇరవై నిమిషాలుంది.

"పెళ్లయి యాభై రోజులు కాలేదు, అప్పుడే ఒట్టు తీసి గట్టున పెట్టాడా!"

ఆమె ఉద్యోగమే నెట్‌వర్కులు బాగుచెయ్యడం. బాగుచెయ్యడం వచ్చినవాళ్లకి పాడుచెయ్యడం ఎంతసేపు? అటక మీది పాత రౌటర్‌ని దించి దుమ్ము దులిపింది. సీరియల్ ఇంకా ఆరు నిమిషాలుందనగా సర్వర్ తీగ పీకి పాత రౌటర్‌కి గుచ్చింది. పాతదాన్ని తీసుకెళ్లి ఇంటికి ఇంటర్నెట్ వచ్చే మొదటి రౌటర్‌కి తగిలించింది. ఇక బయటినుంచి వచ్చేవాడికి మొదటి గుమ్మం తెరిచే ఉంటుంది, లోపల రెండో గుమ్మానికి తాళం.

రెండు నిమిషాలకే ఫోన్ మోగింది.

"ఏమోయ్, మన పెట్టె బయటినుంచి అందట్లేదు. టీవీలో గుండ్రంగా ఏదో తిరుగుతోందట... తిరుగుతోంది."

"అయ్యయ్యో! హాస్టల్ గదిలో టీవీ కూడా ఉందా?" తేనె పూసినట్టు అడిగింది.

"ఆఁ, ఉందిలే. త్వరగా చూడవా, ఇక్కడ ఊపిరాడనివ్వట్లేదు. ఒక్క క్షణం ఉండు." ఫోన్లో ఏదో నొక్కిన చప్పుడు. "ఊఁ, ఇప్పుడు చెప్పు."

అతను పశువుల డాక్టరు. ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టగలడు గానీ రౌటర్‌ని ముట్టుకోమంటే వణుకు. ఈ విషయంలో ఆమె మాటే వేదం.

"స్పీకర్ పెట్టుకుని చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ముందు టీవీ ప్లగ్గు పీకు. వంద నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టు. మధ్యలో ఆగావో, మళ్లీ మొదటికి."

ప్లగ్గు పీకిన చప్పుడు. తర్వాత లోగొంతుకలో గొణుగుడు. డెబ్బై మూడు దగ్గర దగ్గు.

"మొదటికి రా," అంది.

సోఫాలో కాళ్లు చాపుకుని ఆపిల్ ముక్క కొరికింది. పగ తీర్చుకోవడం ఇంత తియ్యగా ఉంటుందని ఆమెకి ఇంతవరకూ తెలియదు.

"అయిందా? ప్లగ్గు పెట్టి కుర్చీ ఎక్కు. రిమోట్‌ని ఫ్యాన్ వైపు చూపిస్తూ నిలబడు."

"కుర్చీ ఎక్కాలా? అంత అవసరమా?" మొగుడి గొంతు సన్నబడిపోయింది.

"మధ్యలో రెండు రౌటర్లున్నాయి నాయనా. సిగ్నల్ ఒంపు తిరిగి రావాలి. ఇంజనీరువి నువ్వా, నేనా?"

కుర్చీ కిర్రుమంది.

"చెయ్యి ఇంకా పైకి! రెండో చేత్తో చెవి పట్టుకో."

"చెవెందుకే?"

"ఎర్తింగ్."

అలా పది నిమిషాలు నిలబెట్టాక ఇక నవ్వూ కోపమూ ఆగలేదు.

"ఇప్పుడు చెప్పరా దొంగా, పదకొండో భాగం ఎలా ఉంది?"

"ఆగాగు, ఇప్పుడు కాదు..."

"ఆగేదేంటి! సర్వర్‌కి ఏ రోగమూ లేదు. తీగ పీకింది నేనే. మీ నాన్నగారు మొన్న అందరి ముందూ ఏమన్నారు? 'ఆ టీవీ పెట్టె ముందు కూర్చునేవాళ్ల బుర్ర బూజు పడుతుంది' అనలేదూ? రిటైరైన హెడ్మాస్టరు కదా, చాదస్తం అనుకున్నాను. నిన్ను చూశాక తెలిసింది. ఉత్త బూజు కాదు, సాలెపురుగులు కాపురం పెట్టాయి!"

అవతల మళ్లీ చిన్న దగ్గు.

"నీ మీద ఒట్టు, నేను చూడలేదే," అన్నాడు మొగుడు ఏడుపుగొంతుతో. "నేను క్లాసు బయట వరండాలో ఉన్నాను. నా గదిలో టీవీయే లేదు."

"మరి టిక్కు ఎవరు పెట్టారు, నీ ఆవా?"

"నాన్నగారు. నా పాస్‌వర్డ్ తీసుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు చెప్పేది నేరుగా వింటే తేలికని... ఆయన్ని లైన్లో కలిపాను."

ఆపిల్ ముక్క ఆమె గొంతుకి అడ్డం పడింది.

"అమ్మాయ్," అంది మూడో గొంతు, గంభీరంగా. "నలభై ఏళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించాను. నన్ను ఎక్కించినదానివి నువ్వొక్కదానివే. ఇక దిగొచ్చా?"

"మామయ్యగారూ! దిగండి, దిగండి! చెవి కూడా వదిలెయ్యండి!"

ఒక్క గెంతులో చెప్పుల స్టాండ్ దగ్గరికి వెళ్లి పడింది. పాత రౌటర్‌ని విసిరేసి, తీగని ఎక్కడిదక్కడ గుచ్చింది.

"వచ్చిందా మామయ్యగారూ?"

"వచ్చింది. ఇంకా ఆరు నిమిషాలే. నేను చెప్పేదాకా ఎవరూ ఫోన్ పెట్టెయ్యకూడదు."

అది క్లాసు గొంతు. ఇక్కడ కోడలు, అక్కడ వరండాలో కొడుకు, ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కథ వాళ్ల చెవిన పడకుండా ఆయన టీవీ శబ్దం కూడా తగ్గించారు. ఎంత మంచి మనిషిని ఎంత మాటన్నాను అనుకుంటే ఆమెకి కళ్లు చెమర్చాయి.

ఆరు నిమిషాలు అయ్యాయి.

"బాగుందమ్మా, చాలా బాగుంది," అన్నారాయన, నింపాదిగా గొంతు సవరించుకుని. "ఊఁ, ఇద్దరూ రాసుకోండి. హంతకుడు, గడియారాలు బాగుచేసే ముసలాయన."