ఉప్పు గడిలో పేరు

ఆ పొద్దు తిరుత్తణి కొండ మీదికి మబ్బు దిగి అక్కడే నిలబడిపోయింది. వానా పడలేదు, ఎండా రాలేదు. వంటవాళ్ళ వ్యాను అండాలు గలగలలాడించుకుంటూ కే.జీ.కండిగై దారి పట్టింది. అక్కడ పచ్చయ్యప్ప తల్లికి పదహారో రోజు కర్మ భోజనాలు.

ముందు సీట్లో జ్యోతిక ఫోన్లో పనుల పట్టిక గళ్ళు నింపుతోంది. ఊరు, విస్తళ్ళు, పొయ్యి, ఉప్పు. ఆ టెంప్లేట్ ఆమె చేసిందే. గడిలో పేరు రాస్తే ఆ పని ఆ మనిషి ఫోనుకు పోతుంది. తండ్రి ధనకోటి ఫోను మాత్రం చొక్కా జేబులోంచి బయటికి రాదు. కళ్ళద్దాలు వెతుక్కోవడమెందుకని, ఆయనకొచ్చేవి జట్టులోని షణ్ముగం చేతే చదివించుకుంటాడు.

ధనకోటి పక్కనుంచి తొంగి చూశాడు.

“ఈ గళ్ళను ఏమంటారు పాపా?”

“వేరియబుల్ అంటారు నాయనా. పేరు ఒక్కచోట మారిస్తే చాలు, అన్ని పనుల్లోనూ మారిపోతాది. ఎవురు మార్చినారో కూడా కింద పడతాది.”

“ఓహో, చాడీలు కూడా చెప్తాదా!” నవ్వాడు. “ఉప్పు గడిలో ఎవురుండారు?”

“ఇంకెవురు? నువ్వే.” జ్యోతిక ఫోను బోర్లించింది.

ఆ గడిలో ఉన్నది వంటజట్టులోని మంజు పేరు.

నాలుగు నెలల కిందట జ్వరమొచ్చి ధనకోటి నాలుకకు రుచి చచ్చిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఆర్.కె.పేట పెండ్లిలో ఉప్పుకషాయంలా ఉన్న రసం నాకి చూసి “అమృతం, దించండి” అన్నాడు. జనం విస్తళ్ళ ముందునించి లేచిపోయారు. “ఆ ఊరి నీళ్ళే ఉప్పు నాయనా” అని జ్యోతిక అబద్ధమాడింది. ముప్పై ఏండ్లుగా ఆ నాలుకే ఆయనకు పేరు. అది పోయిందని జట్టుకు తెలుసన్న సంగతి ఆయన చెవిన పడితే, మళ్ళీ పొయ్యి దగ్గరికి రాడు. అందుకే మంజు ముందుగా ఉప్పు సరిచూసి తప్పుకుంటుంది. తర్వాత ధనకోటి అరచేతిలో చుక్క వేసుకొని నాకి, దించమంటాడు. ఆయన మాటయ్యాక ఇంకొకరు ఉప్పు ముట్టరు. అది ఆ జట్టు కట్టుబాటు.

పందిట్లో విస్తళ్ళు పరుస్తుంటే జ్యోతిక ఫోను మోగింది. ‘సాంబారు ఉప్పు: జ్యోతిక.’

పరుగున పొయ్యి దగ్గరికి పోయింది. “మంజు యాడ షణ్ముగమన్నా? బస్సుకొస్తానన్నదే!”

“రాలేదు పాపా. బిడ్డకు జొరమంట, ఫోన్ చేసింది. ఇందాకే మీ నాయనతో చెప్పినానే.”

పేరు మంజే మార్చి ఉంటుందనుకుంది. సాంబారు నాలుక మీద వేసుకుంది. చప్పిడి. ధనకోటి అటు తిరిగి కొండ మీది మబ్బును చూస్తున్నాడు. చప్పుడు కాకుండా నాలుగు గుప్పిళ్ళు వేసి కలిపింది. రుచి చూసి, ఇంకో అర గుప్పెడు వేసి పక్కకు జరిగింది.

“ఎంతసేపు చూస్తావన్నా ఆ మబ్బును?” షణ్ముగం కేకేశాడు.

“ఉండరా. దానికి ఉప్పు సరిపోయిందో లేదో చూడొద్దా?”

వచ్చి నాకాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

“దించండి.”

పంక్తి లేచాక పచ్చయ్యప్ప వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. “మా యమ్మ ఉండుంటే మళ్ళీ పోయించుకోనుండె. ఏం నాలుకన్నా నీది!”

ధనకోటి తుండుతో చేతులు తుడుచుకున్నాడు.

జనం పోయాక జట్టు తినడానికి కూర్చుంది. జ్యోతిక మంజుకు మెసేజ్ పెట్టింది: ‘నా పేరుకు మార్చి మంచి పని చేసినావు.’

ధనకోటి సాంబారన్నం మెల్లగా కలుపుకొని తింటున్నాడు. ఆ నోటికి ఏం తెలుస్తోందోనని జ్యోతిక తినడం మాని ఆయన్నే చూసింది. ఆయన తన అప్పడం తీసి ఆమె విస్తట్లో పెట్టాడు.

ఫోను వెలిగింది. ‘నేను మార్చలేదక్కా. ఆస్పత్రిలో ఉండా, దాన్ని ముట్టనే లేదు.’

జ్యోతిక ఎడంచేత్తో ఉప్పు గడి తెరిచింది. కింద సన్నటి అక్షరాలు.

మార్చినవారు: ధనకోటి.