గట్టు మీద గడ్డి

గడ్డి కోసే మిషను మళ్ళీ ఆగిపోయింది.

"వదిలెయ్ వదినా," పక్క చెరువు గట్టు మీంచి కేకేశాడు మరిది జనార్దనరావు. "దానికీ అన్నయ్య చెయ్యే అలవాటు. ఆయనతోనే పోయింది."

సులోచన మిషను దించి ప్లగ్గు విప్పసాగింది. సాయంత్రం రొయ్యపిల్లల వ్యాను కృత్తివెన్ను వస్తుంది. ఈలోగా గట్టు శుభ్రం కాకపోతే ఈ పంటకి చెరువు మరిదికి వదిలేస్తానని పెద్దమనుషుల ముందు తనే ఒప్పుకుంది.

"కూలీల్ని పెట్టుకోవాల్సింది."

"ఊళ్ళో కొడవలి పట్టేవాళ్ళందర్నీ నీ గట్టుకే పిలుచుకున్నావుగా."

అతను నవ్వాడు. "అయినా బొట్టు లేని ఆడది గట్టెక్కితే రొయ్య నిలవదట. నేననడం లేదు, ఊరంటోంది."

"ఊరికి నోరుంది. నాకు చెరువుంది."

ప్లగ్గు మార్చింది. మిషను కాసేపు నడిచి ఆగింది. ఫిల్టరు కడిగి ఆరబెట్టి పెట్టింది. నడిచింది, ఆగింది. పాత పెట్రోలు పారబోసి, ఆయిలు కలిపి కొత్తది పోసింది. తూము దాకా వెళ్ళి ఆగింది.

టాంకు మూత తిప్పింది. టాంకు బుస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకుంది. తాడు లాగితే వెంటనే అందుకుంది. మూత బిగించింది. కాసేపటికి మళ్ళీ ఆగింది.

"మిషనుతో కుస్తీ పడుతున్నావా వదినా?" అంటూ దగ్గరికొచ్చాడు జనార్దనరావు.

"టాంకులోకి గాలి వెళ్ళడం లేదు. మూతకి సన్న కన్నం ఉండాలి."

"ఏదీ, ఎక్కడా లేదే!"

లేదు. మూత నడుమ ఉన్నది దసరా పూజకి ఆయన పెట్టిన బొట్టు. పసుపు ముద్ద, దాని మీద కుంకుమ, ఎండి పెచ్చు కట్టింది. ఆ తర్వాత ఆయన ఈ మిషను ఎత్తనేలేదు. పొద్దున మిషనంతా తుడిచిన సులోచన, ఆ మూత ఒక్కటీ తడిగుడ్డ తగలకుండా వదిలేసింది.

జనార్దనరావు కూడా చూశాడు. "పోనీలే వదినా," అన్నాడు మెల్లగా. "దాన్ని అలాగే ఉంచు. చెరువు నేను చూసుకుంటాను."

సులోచన పమిట పిన్నీసు తీసింది. చాలాసేపు మూత వైపే చూసింది. తర్వాత పెచ్చు మెల్లగా గీకింది. కింద సూది మొనంత కన్నం బయటపడింది.

అరచేతిలో రాలిన ఎర్రటి పొడిని ఆమె చెరువులో దులిపేస్తుందనుకున్నాడు మరిది.

సులోచన అది వేలికి అద్దుకుని, నుదుట దిద్దుకుని, తాడు లాగింది.