తెలిసినవాళ్ళు లేని చోటు

నగర శివారులోని అంబత్తూరు నుంచి నడిబొడ్డున ఉన్న చింతాద్రిపేట దాకా పడుతూ లేస్తూ వచ్చింది తెలిసినవాళ్ళెవరూ తగలకూడదనే. తీరా చూస్తే ఆ మానసిక వైద్యుడి క్లినిక్‌లో, సరిగ్గా ఎదురు కుర్చీలో, ఇంటి ఓనరమ్మ కాంచన!

సునయనకు భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"ఏమ్మా, మీరు ఈడుండారే! నా పుట్టిల్లు ఈ వీధే. మాయమ్మకు నిద్దర పట్టలేదని పిలుచుకోనొచ్చినా," అంది కాంచన. "మీలో ఎవురికి బాగలేదు?"

సునయన పక్కనున్న భర్త వైపు చూసింది.

"ఈయనకే ఆంటీ."

సతీష్ తల వంచుకున్నాడు.

కాంచన ఊరికే వదిలే రకం కాదు. జాలిపడిందంటే వివరాలన్నీ రాబట్టాల్సిందే.

"అయ్యో, పావం! ఏం చేస్తాది?"

"భయం ఆంటీ. గ్యాస్ కట్టేశామో లేదోనని సగం దారిలో బండి వెనక్కి తిప్పడం. ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే యాక్సిడెంటే అయిపోయిందని గుండె దడ. అందరికీ ఉండే కంగారే కదా అని మొదట్లో సర్దుకుపోయాం. ఇప్పుడు ఆఫీసులో నిలకడగా కూర్చోవడమే కష్టమైంది."

"అదా సంగతి! మొన్న మధ్యాన్నమే ఇద్దరూ ఇంటికొచ్చేసినారే!"

ఆ గొంతుకు హాల్లో నలుగురూ తిరిగి చూశారు. సతీష్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా చిన్నగా నవ్వి, "అవునండీ," అన్నాడు.

సునయన సిగ్గుతో చితికిపోయింది. అతని చెయ్యి పట్టుకోవాలనుకుంది. ఏ ముఖం పెట్టుకుని పట్టుకోవాలో తెలియలేదు.

"వెళ్ళిపోదాం," అంది మెల్లగా.

"వద్దు. ఇదివరకూ గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాం. ఇంక ఆలస్యం చేస్తే ఉద్యోగం కూడా పోతుంది. ఈసారి చూపించుకునే వెళ్దాం."

కాంచన సతీష్‌ను ఎగాదిగా చూసి నిట్టూర్చింది.

"మగబిడ్డ ఇట్లా బయపడితే ఎట్లప్పా? నీ పెండ్లాం గట్టిది కాబట్టి నెట్టుకొస్తా ఉంది. వేరే ఆడదైతే ఎప్పుడో పుట్టింటికి పోయుండేది."

సతీష్ దానికీ తలాడించాడు. సునయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపలి గది తలుపు తెరుచుకుంది. "సతీష్!" అని నర్సు పిలిచింది.

లేవబోయిన భర్తను భుజం పట్టి కూర్చోబెట్టి, తనే లేచి నిలబడి, సునయన కాంచనతో అంది: "పేరు ఈయనది రాయించాను గానీ ఆంటీ, జబ్బు నాది."