వకుళమ్మ పాట వేగం

ఇప్పుడు తణుకులో ఏ స్పీకరైనా పాటను సరిదిద్దాకే వినిపిస్తుంది. మహిళా మండలి హాల్లోకి కూడా అలాంటిదే వచ్చింది. అప్పటి నుంచి కోలాటంలో కర్రలు కలవడం లేదు.

వాళ్లాడే కోలాటం పాటను అరవయ్యేళ్ల కిందట, అడుగులు నేర్పే వకుళమ్మే ఒక పాత కంప్యూటర్ మీద ఒక్కో స్వరాన్నీ అంకెగా కొట్టి తయారుచేసింది. ఇన్నేళ్లూ ఆ కంప్యూటరే దాన్ని వినిపించింది. పోయిన వారం అది కాలిపోతే, ఫైలును కొత్త స్పీకర్‌లోకి ఎక్కించారు.

స్పీకర్ కంపెనీ నుంచి వచ్చిన ఇమ్రాన్ చేతిలోని తెరపలక చూసి చెప్పాడు.

"స్పీకర్ బాగానే ఉందండి మామ్మగారూ. ఫైల్లో నిమిషానికి నూట ఇరవై తాళం దెబ్బలని ఉంది, అంతే వేస్తోంది. ఇన్నాళ్లూ మీరే నిదానంగా ఆడారు."

"నిదానం ఆ కంప్యూటర్ది బాబూ. నూట ఇరవై అని కొడితే నూరే వేసేది, శ్రుతి కూడా కాస్త దిగేది. నేను చెవితో విన్నదానికి అడుగులు కట్టాను, అంకెకి కాదు."

"ఫైల్లో ఉన్నదే పలకాలండి. అది రూలు. మార్చడం నా చేతిలో లేదు."

"నిన్ను మార్చమనలేదుగా."

వకుళమ్మ కుర్చీలోంచి వంగి స్పీకర్ వైరు పీకేసి, తనే పాట ఎత్తుకుంది. శ్రుతి ఎప్పటిలాగే కాస్త కిందికే ఉంది. పన్నెండు మంది ఆడవాళ్లు అడుగు వేశారు. కర్రలు కలిశాయి.

ఇమ్రాన్ చేతిలోని పలక ఆ గొంతు విని ఎర్రబడింది.

"వేగం తప్పంటోందండి. సరిదిద్దమంటారా అని అడుగుతోంది."

వకుళమ్మ పాదంతో వేస్తున్న తాళం వదలకుండానే, ఒళ్లోని తన కర్రలు రెండూ అతని వైపు చాచింది.

"దిద్దమను. ముందు వచ్చి ఇవి పట్టుకుని ఆడమను."