చంపని కాయ

తెల్లారినా ఆకాశం తెల్లబడలేదు. మబ్బు కొండను ఆనుకుని నిలబడి, కదలకుండా కురుస్తోంది. గాలి లేదు. వానలోనూ ఉక్కపోత.

పాల లారీ ఆలస్యమై, జోజిబాబు ప్యాకెట్లతో మెట్లెక్కేసరికి ఏడున్నర దాటింది. లోపల ఫోను మోగుతోంది. పెట్టించి నెల కాలేదు. రిసీవరు ఎవరో తిరగేసి పెట్టారు. భార్య అమల ఇంకా మంచం దిగలేదు. అత్తగారు తెరేసమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ముక్కు చీదుతోంది. ఫోను ముట్టుకుంటే షాకు కొడుతుందని ఆమె భయం.

"బాబూ, నేను ఇన్నయ్యని." మామగారి తమ్ముడు, అవనిగడ్డ అవతల ఊరి నుంచి. "ఇందాక ఏడింటికి చేస్తే కలిసినట్టే కలిసి, మాట అనీ అనకముందే తెగిపోయింది. అన్నయ్య పోయాడు బాబూ. నిద్రలోనే."

జోజి గోడకు ఆనుకున్నాడు.

"ఇప్పుడే చెప్పమాక. చెప్పావో, మట్టి చేసేదాకా ఇద్దరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. వదిన సంగతి సరే, అమ్మాయికి ఏడో నెల. ఇంత అన్నం పెట్టి, బండెక్కించేటప్పుడు చెప్పు."

అమలకు షుగరు. పోయిన నెల ఒక్క పూట ఉపవాసం ఉండి కళ్ళు తిరిగి పడిపోతే డాక్టరమ్మ జోజినే తిట్టింది. ఇంకోసారి కడుపు మాడిస్తే బిడ్డ దక్కదంది.

ఆటోనగర్‌లో తన లేతు షెడ్డు పక్కనే ఉండే షబ్బీర్‌కు గొంతు తగ్గించి ఫోన్ చేసి, ఊరెళ్ళడానికి కారు అడిగాడు. అంబాసిడర్ పన్నెండింటికిగాని రాదన్నాడు షబ్బీర్. జోజి ఫోను వైరు మెల్లగా ఊడదీశాడు.

తెరేసమ్మ బెజవాడ చూడాలని వచ్చి మూడు రోజులు. మూడు రోజులూ వానే. ఇవాళ మ్యూజియం, బీసెంట్ రోడ్డు చూపించి తీరాలని అమల పట్టుదల. బయటికెళ్తే పన్నెండుకు తిరిగి రారు. పైగా ఊరివాళ్ళు ఎవరో ఒకరు తగలొచ్చు.

"ఆటో పిలవండి," అంది అమల జడ అల్లుకుంటూ.

"ఈ వానలోనా? ఇంట్లోనే ఏదన్నా ఆడుకుందాం."

అమల చేతిలో జడ ఆగిపోయింది. జోజి అత్తగారి ముందు నాలుగు మాటలు మాట్లాడి ఎరగని మనిషి.

"ఏం ఆడతారు? గోళీలా?"

"అష్టాచెమ్మా."

"అమ్మా, విన్నావా! మీ అల్లుడుగారు షెడ్డు మానేసి గవ్వలేస్తారంట!"

ఊరు చూడాలని మూడు రోజులుగా గునిసింది అత్తగారే. ఒప్పుకోదేమో అనుకున్నాడు జోజి. తెరేసమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చింది.

"అల్లుడుగారి మాటే బాగుంది. వానలో ఎక్కడికిలేవే. ముందు ఇడ్లీ తిను."

జోజి సుద్దముక్కతో గళ్ళు గీశాడు. ఒక గీత వంకరపోయింది.

"లేతు మీద ఇనుము కూడా ఇట్టాగే కోస్తారా?" అంది అమల.

ఊళ్ళో తెరేసమ్మతో ఆడాలంటే అందరికీ హడలు. దొరికిన కాయనల్లా చంపుతుంది. మొగుడి కాయనైనా వదలదు. ఇవాళ అమల కాయ రెండుసార్లు, జోజి కాయ ఒకసారి ఆమెకు దొరికాయి. దాటుకుని పోయింది.

"చంపవేం అమ్మా? కళ్ళు కనబడట్లేదా?"

"ఉండనీలే. ఆట అప్పుడే అయిపోతే ఏం చేస్తాం?"

జోజి గడియారం చూశాడు. తొమ్మిదిన్నర.

ఆట అయ్యాక టీవీ పెడితే కరెంటు పోయింది. పెళ్ళి ఆల్బం తీయబోయి, మొదటి పేజీలోనే మామగారు ఉంటారని గుర్తొచ్చి బీరువా మూసేశాడు.

"కొండపల్లి బొమ్మలు తుడుద్దామా?"

"మీకేమైంది ఇవాళ?" అమల పడిపడి నవ్వింది. "గవ్వలే నయం. నాన్నుంటే ఈపాటికి తొండి చేసేవాడు. అమ్మా, పంచాయతీ ఆఫీసుకు ఫోన్ చేసి నాన్నని పిలిపించమందామా?" అంటూ లేచింది.

జోజి ఫోను వైపు చూశాడు. బల్ల వెనక వైరు ఊడి వేలాడుతోంది.

"కూర్చోవే," తెరేసమ్మ గవ్వలు కూతురి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "వానకి లైన్లు పోయుంటాయి. నీ పందెమే, వెయ్యి."

గండం గడిచింది. ఆమెకు ఇసుమంత అనుమానం లేదు. అదే జోజిని ఎక్కువ కుదిపింది. ఇంకో గంటలో ఈ మొహంలోకి చూసి ఆ మాట చెప్పాల్సింది తనే.

పదకొండున్నరకు, "ఆకలేస్తోంది," అన్నాడు.

"అప్పుడేనా?" అంది అమల.

తెరేసమ్మ అప్పటికే లేచింది. వంట ఎప్పుడు ముగించిందో, వేడన్నం, కోడిగుడ్ల పులుసు సిద్ధంగా ఉన్నాయి. రెండు గుడ్లు అమల కంచంలో వేసి, ఆగి, మూడోది కూడా వేసింది.

"ఇన్నెందుకమ్మా!"

"మాట్లాడకుండా తిను. పొలమారుతుంది."

రేకుల మీద వాన చప్పుడు, కంచాల చప్పుడు. జోజికి ముద్ద దిగడం లేదు. తెరేసమ్మ ముద్దముద్దకూ మంచినీళ్ళు తాగుతోంది. అమల ఒక్కతే ఇష్టంగా తింది. మజ్జిగ పోసుకుని ఆఖరి మెతుకు దాకా తింది.

కింద హారన్ మోగింది. అమల చెయ్యి కడుక్కోవడానికి వెనక వసారాలోకి వెళ్ళింది.

"అత్తయ్యగారూ," అన్నాడు జోజి. "పొద్దున..."

తెరేసమ్మ ఎంగిలి చేత్తోనే ఆగమంది. కూతురి కంచం వంక చూసింది. ఖాళీగా ఉంది.

"ఏడింటి ఫోను ఎత్తింది నేనే, బాబూ."