అరికాలి సాక్ష్యం

"నా టిఫిన్ డబ్బా ఏడ దాచినవే?"

సోమలింగం ఆ గోడ నుంచి ఈ గోడకు కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పిల్లికైనా కాలు కాలిందని తెలుస్తుంది. షుగరు ముదిరి మొద్దుబారిన ఈయన పాదాలకు అదీ తెలియదు. మడమలో దిగిన మేకుతో షిఫ్టంతా నిలబడి బట్ట నేసిన ఘనుడు. ఆ పుండు మానింది గానీ, అరికాళ్లకు తెలివి వస్తే తప్ప కింద కార్ఖానాలోకి పంపేది లేదని భార్య భాగీరథి భీష్మించుక్కూర్చుంది. ఇంట్లో కూర్చుంటే ఈయనకు ఒళ్లంతా తేళ్లు పాకుతున్నట్టుంది.

"ముందుగాల కూసో. కాళ్లు కడగాలె," అందామె, ఆయన చెవిలో నోరు పెట్టి. ఏళ్ల తరబడి సాంచాల, అంటే మరమగ్గాల, మోత ఆ చెవులను ఎప్పుడో మింగేసింది.

మోచేయి ముంచి నీళ్ల వేడి చూసుకుని, బేసిన్‌లో పాదాలు కడిగింది. పాత పంచె ముక్కతో వేళ్ల సందులు తడి లేకుండా తుడిచింది. మడమల పగుళ్లకు కొబ్బరినూనె రాస్తూ అరికాళ్లు తిప్పి తిప్పి చూసింది.

"నాకు అన్నీ తెలుస్తున్నయే," అన్నాడు సోమలింగం.

"అవునవును. మొన్న ఎలుక బొటనవేలు కొరికితే, తెల్లారి రక్తం చూసినంక గదా ఎర్కైంది," కింద కూర్చునే గొంతు పెంచి అందామె.

"అది పండ్లు లేని ముసలెలుక. చప్పరించి పోయింది, పాపం."

"మరి రక్తం?"

"అదీ ఎలుకదే."

భాగీరథి నవ్వలేదు.

"నా అరికాలి సంగతి నీకేం ఎర్క," అన్నాడు. "భీవండిల ఉన్నప్పుడు నేల మీద కాలు మోపి, ఏ సాంచల పోగు తెగిందో చెప్పేటోన్ని. పక్క గల్లీ సేఠ్‌లు ఆటో పంపి పిలిపించుకునేటోళ్లు."

"గట్లనా. అయితే కండ్లు మూసుకోని చెప్పు. కింద సాంచాలు నడుస్తున్నయా, ఆగినయా? సరిగ్గ చెప్తే డబ్బా నేనే చేతికిస్త."

సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. కార్ఖానా నెత్తి మీదే వాళ్ల గది. సాంచాలు ఆడితే నేల అదురుతుంది, నేల అదిరితే బేసిన్‌లో నీళ్లు వణుకుతాయి. ఈ కిటుకు ఆయన ఎప్పుడో కనిపెట్టి కడుపులో దాచుకున్నాడు. కళ్లు మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి బేసిన్ వైపు చూశాడు. దాని పక్కనే భాగీరథి ఒదిగి కూర్చుని ఉంది. నీళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"నడుస్తున్నయ్," అన్నాడు ధీమాగా. "అరికాలు జివ్వుమంటున్నది. కిటికీ దిక్కు సాంచకు జర నూనె తక్కువైంది గూడ."

"అబ్బో."

"డబ్బా తే మరి."

ఇంతలో నీళ్లు నిలకడగా నిలిచిపోయాయి. దొరికిన అదనును సోమలింగం వదులుతాడా? కాలు నేలకేసి అదిమి, వేలు పైకెత్తాడు.

"ఆగినయ్. గిప్పుడే, గీ నిమిషమే ఆగినయ్. చూసినవా, నా కాలు చెప్పింది."

భాగీరథి బేసిన్ పక్కకు నెట్టి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మన సేఠ్ తల్లి సచ్చిపోయిందని పొద్దుగాల్నుంచే బందున్నయ్. బేసినుకు ఆన్చి ఊపిన నా మోకాలు గిప్పుడే తీసిన."